పద్నాలుగో నంబరు కుడి దవడ

మూడు దాటి రెండు నిమిషాలు. నాలుగింటికి వస్తానంది. ఎడమ దవడ నా చేతిలోనే ఉంది, దాని మీద పంతొమ్మిదేళ్ళ కిందట నల్ల సిరాతో నేను రాసిన పద్నాలుగు అలాగే ఉంది, ఎంత కడిగినా పోలేదు. కుడిది ఏదో తెలియడం లేదు. ముప్పై నాలుగేళ్ళు ఈ ఎముకల గదిలో పనిచేసి, ఇవాళ అయిదింటికి తాళంచెవి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోవలసినవాణ్ణి, పశువైద్య కళాశాలలో పిల్లలందరూ బొమికల మాస్టారూ అని పిలిచేవాణ్ణి, ఒక్క కుక్క కింది దవడలో రెండో ముక్క ఏదో తేల్చుకోలేక కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరుగుతున్నాను. పుర్రె మాత్రం తెల్లగా, బుద్ధిగా, పత్తి మీద కూర్చుని ఉంది. పై పళ్ళు ఇరవై, ఒక్కటీ ఊడలేదు. ఫోను పక్కనే పెట్టుకున్నాను. అందులో నా కూతురు పంపిన రెండే వాక్యాలు. నాలుగింటికి వస్తాను. మొత్తం కావాలి. పదకొండేళ్ళలో అది నాకు నేరుగా రాసిన మాటలు ఇవే, ఆ రెండో వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, చదివిన ప్రతిసారీ చేతిలో ఈ సగం దవడే ఉంది.

తప్పు నాదే, అందులో వాదన లేదు. మనిషి కింది దవడ పసితనంలోనే అతుక్కుని ఒకే ఎముక అయిపోతుంది. కుక్కది అలా కాదు, బతికున్నంతకాలం రెండు ఎముకలే, గడ్డం దగ్గర గట్టి పీచులాంటిది ఒకటి ఆ రెంటినీ పట్టుకుని ఉంటుంది. చచ్చాక మేము ఉడకబెడతాం కదా, ఆ పీచు కరిగిపోయి దవడ రెండుగా విడిపోతుంది, ఆరాక జిగురుతో మళ్ళీ కలుపుతాం. నాకు పని నేర్పిన పెద్దాయన చాలా పొదుపరి. ఒక దవడకి ఒక నంబరు చాల్రా, ఎడమ పక్కన రాస్తే సరిపోద్ది, రెండు పక్కలా రాయడానికి ఇదేమన్నా పెళ్ళిపత్రికా, అనేవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా నేను ఎడమ పక్కనే రాస్తూ వచ్చాను. మొన్న, గది అప్పగించేముందు అన్నీ శుభ్రంగా ఉండాలని, కొత్తగా వచ్చేవాడు నన్ను మురికి మనిషి అనుకోకూడదని, కుక్కల దవడలు పంతొమ్మిదీ ఒకే తొట్టిలో సబ్బుపొడి వేసిన వేడినీళ్ళలో నానబెట్టి, ఇంటికి వెళ్ళి అన్నం తిని కునుకు తీశాను. వచ్చి చూస్తే జిగురంతా కరిగిపోయి తొట్టి నిండా సగాలు. ఎడమవి నంబర్లతో, కుడివి బోడిగా. కొత్తగా చేరినవాడు కూడా చేయని పని.

కుదిరితే దానిది, కుదరకపోతే కాదు. ఇదీ ఈ గదిలో సూత్రం. గడ్డం దగ్గర రెండు సగాల ముఖాలూ గరుకుగా, గుంటలూ మిట్టలుగా ఉంటాయి, ఒకదాని మిట్ట ఇంకోదాని గుంటలో పడాలి. నిన్న సాయంత్రానికి పద్దెనిమిది జతలు కుదిర్చి, జిగురు పెట్టకుండా దారంతో కట్టి ఉంచాను. మిగిలిన ఒక్క కుడి సగం పద్నాలుగుదే అయి ఉండాలి కదా. కాదు. ఎలా తిప్పినా గడ్డం దగ్గర బియ్యపు గింజంత సందు, పైగా కుడి కోర ఎడమ కోర కంటే ఒక పిసరు పైకి. అంటే పద్దెనిమిదిలో ఎక్కడో నేను పొరబడ్డాను, దీని సగం వేరేదానికి కట్టేశాను. ఇప్పుడు ఒక్కొక్కటీ దారం విప్పి, పద్నాలుగుకి పెట్టి చూసి, కాకపోతే మళ్ళీ కట్టడం. ఒకటోది, కాదు. రెండోది చాలా పెద్దది, ఏ కాపలా కుక్కో. మూడోది ముసలిది, పళ్ళు సగం అరిగిపోయాయి. పొద్దున్న బయలుదేరుతుంటే మా ఆవిడ చెప్పులు నా ముందుకి తోసి, దాని ఎదుట నోరు జారకు, ఏమీ అడక్కు, ఏమీ చెప్పకు, ఇచ్చెయ్ అంతే, అంది. సరే అన్నాను. మా ఆవిడకి ఒక పాత హాస్యం ఉంది, దానం చేసేవాళ్ళని చేతికి ఎముక లేనివాళ్ళంటారు, మా ఆయన చేతిలో ఎముక లేని రోజే లేదు, అని చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది. పదకొండేళ్ళుగా ఆ మాట అనలేదు.

నాలుగోది, కాదు. పదకొండేళ్ళుగా మా ఇంటికి అమ్మాయి ఫోను వస్తే నేనే ముందు తీస్తాను, నాకు వినపడే మాటలు రెండే. అమ్మ ఉందా. ఉందమ్మా అని ఫోను ఇచ్చేసి వంటింటి గుమ్మం దగ్గర నిలబడతాను. ఉద్యోగం వచ్చిందని, ఊరు మారిందని, ఆవుకి అడ్డం తిరిగిన దూడని చెయ్యి పెట్టి తిప్పి బయటికి తీసిందని, అన్నీ ఆ గుమ్మం దగ్గరే సగం సగం విన్నాను. మా అమ్మాయి డాక్టరు అని ఈ కారిడార్‌లో చెప్పుకోవాలని ఎంత ఉంటుందో, చెప్పుకుంటే, ఇక్కడే కదండీ చదివింది, మరి మిమ్మల్ని చూడ్డానికి ఎప్పుడూ రాదేం, అంటారని నోరు మూసుకుంటాను. అయిదోదీ కాదు, ఆరోదీ కాదు, దారం ముడి పడి గోరుతో రావడం లేదు.

ఈ పద్నాలుగు పేరు బూచి. ఈ గదిలో ఆ పేరు ఎప్పుడూ పైకి అనలేదు. అన్నం తినకపోతే బూచి వస్తుందని వాళ్ళమ్మ పిల్లని బెదిరిస్తుండగా ఒక రోజు నేను లోపలి జేబులో నల్ల కుక్కపిల్లని పెట్టుకుని వచ్చాను, అది తల బయట పెట్టింది, పిల్ల అన్నం ముద్ద నోట్లో ఉండగానే బూచొచ్చింది బూచొచ్చింది అని గెంతింది. అప్పటికి పిల్లకి ఎనిమిదేళ్ళు. దానికి నేను పాఠాలు చెప్పేవాణ్ణి, పుస్తకం బూచే. తల వెనక నా వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ పుర్రె అడుగున రెండు గుండ్రటి మొటిమలుంటాయి, మెడలో మొదటి ఎముక వాటికి పల్లకీలా ఉంటుంది, బూచి తల పైకీ కిందికీ ఊపేది ఇక్కడే, దీని పేరు అవును కీలు. దాని కింద మొదటి ఎముకకీ రెండోదానికీ మధ్య ఇంకోటుంది, తల అటూ ఇటూ తిప్పేది అది, దాని పేరు కాదు కీలు. పిల్లకి అది ఎంత నచ్చిందో. బూచీ, బిస్కెట్ కావాలా, అని అడిగి, రెండు చేతులతో దాని తల పట్టుకుని అవును కీలు ఆడించేది, స్నానం చేస్తావా అని కాదు కీలు తిప్పేది. కంటిగూడు వెనక వైపు ఎముక ఉండదు, తెరిచే ఉంటుందని చెబితే భయపడిపోయి, మరి వెనకాల తలుపు లేదా నాన్నా, కన్ను లోపలికి పడిపోదా, అని అడిగింది. చిన్న తాడు లాంటిది అడ్డం ఉంటుందిలే అంటే కానీ ఆ రోజు నిద్రపోలేదు. ఎదురుగా బల్ల మీద ఆ గూడే ఇప్పుడు తెరుచుకుని ఉంది, తాడు లేదు.

ఏడు కాదు. ఎనిమిది కాదు. బూచి మా ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకే నేను రెండు నెలలు ఊళ్ళో లేను, ఇంకో కాలేజీ వాళ్ళు గుర్రం అస్థిపంజరం నిలబెట్టడానికి పిలిచారు. నా బతుకులో అంత గొప్ప పని మళ్ళీ చేయలేదు, ఒక్క ఇనుప కడ్డీ కూడా బయటికి కనపడలేదు. తిరిగొచ్చినప్పుడు పిల్ల గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని బూచి గురించి ఏదో చెబుతూనే ఉంది, స్కూటరో, చెంచాతో పాలో, నేను గుర్రం ఫోటోలు చూపిస్తూ ఊ, ఊ అన్నాను. కుక్క తోకాడిస్తోంది, కాళ్ళు నాలుగూ ఉన్నాయి, ఇంకేం కావాలి. తొమ్మిదో దాని దారం విప్పి కుడి సగం తీసి పద్నాలుగు గడ్డానికి ఆనించాను, చిటుక్కుమని కూర్చుంది. మిట్ట గుంటలో పడింది, కోరలు రెండూ ఒకే ఎత్తు, వెలుతురు దూరే సందు లేదు. ప్రాణం లేచొచ్చింది. మూడూ ముప్పై.

ఆ ఆనందంలోనే దారం చుట్టేసి, దవడని పుర్రెకి తగిలించాను. కుక్క దవడ కీలు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దవడ చివర చిన్న రోకలి అడ్డంగా పడుకున్నట్టుండే కొన ఒకటి చెవి ముందున్న పల్లంలోకి వెళ్ళి కూర్చుంటుంది, అది వెనక్కి జారిపోకుండా ఎముకే కొక్కెంలా వంగి కాపలా ఉంటుంది. అందుకే కుక్క ఆవులా పక్కలకి నమలలేదు, తెరవడం మూయడం అంతే తెలుసు. ఎడమ పక్క చక్కగా కూర్చుంది. కుడి పక్క కొద్దిగా ఆడింది. వేలితో తోస్తే పల్లంలో అటూ ఇటూ ఒరిగింది. ఇటు తొమ్మిదో దాని ఎడమ సగానికి ఆ మిగిలిపోయిన కుడి సగం పెడితే అస్సలు కుదరలేదు. పోనీలే అనుకున్నాను. తొమ్మిదో నంబరు కోసం ఎవరూ రారు. ఆడే కీలు మాటకి వస్తే, పల్లంలో చిటికెడు పత్తి ఉండ చేసి పెట్టి పైన జిగురు రాస్తే కదలదు, నా చేతిపని ఎవడు కనిపెడతాడు. పత్తి తీసుకుని రెండు అరచేతుల మధ్య పెట్టి ఉండ చుట్టాను. చుడుతూ చుడుతూ ఆగిపోయాను.

ఈ చేతులు ఇలా ఒకసారి ఉండ చుట్టాయి. బూచికి మూడేళ్ళు నిండాయో లేదో, కామెర్లొచ్చి అయిదు రోజుల్లో పోయింది. పొద్దున్న పిల్ల బడికి వెళ్ళిన గంటకి పోయింది. వాళ్ళమ్మ పిల్లకి ఎలా చెప్పాలా అని ఏడుస్తూ పక్కింటికి వెళ్ళింది. నేను పెరట్లో దాని పక్కన కూర్చున్నాను. చెప్పొద్దూ, నాకూ ఏడుపొచ్చింది. ఏడుస్తూనే దాని నుదుటి మీద వేలితో రాస్తూ లోపలి అతుకులు ఎక్కడెక్కడ ఉంటాయో గీసుకుంటున్నాను. మూడేళ్ళ వయసంటే కొన్ని అతుకులు మూసుకుపోయి కొన్ని ఇంకా తెరిచి, గీత గీతా కనిపించే వయసు, అలాంటి పుర్రె మన దగ్గర ఒక్కటీ లేదయ్యా అని ప్రొఫెసర్ గారు రెండుసార్లు అన్నారు. మట్టిలో పెడితే ఎవరికీ కాకుండా పోతుంది, నా దగ్గరుంటే ఉంటుంది, నేను దాచుకుంటున్నాను, అని చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, ప్రొఫెసర్ గారు దాన్ని చేతిలోకి తీసుకుని భేష్ అనాలని. మెడ దగ్గర, ఆ అవును కీలు దగ్గర, చోటు తెలిసినవాడికి కత్తి సులువుగా దిగుతుంది. పిల్ల నాలుగున్నరకి వచ్చేలోపు మిగిలిన ఒంటిని దాని పసుపు తువ్వాల్లో చుట్టి, తల ఉండవలసిన చోట నా ఊదా రంగు స్వెట్టరు ఉండ చేసి పెట్టి, పైన తాడు కట్టాను. ముఖం చూపించు నాన్నా అంది. వద్దమ్మా, చూడకూడదు అన్నాను. అయితే ఒక్కసారి నిమురుతా అంది. తువ్వాలు మీద నుంచే, నొసటి నుంచి వెనక్కి, మూడుసార్లు నిమిరింది. మెత్తగా ఉంది నాన్నా, అంది. చచ్చిపోతే అలాగే మెత్తబడుతుందమ్మా, అన్నాను. పదకొండేళ్ళ పిల్లకి నేను చెప్పిన చివరి పాఠం అది. ఎన్ని జన్మలెత్తినా దాన్ని వెనక్కి తీసుకోలేను. పెరట్లో పాతిపెట్టిన ఆ చోట అది ఎనిమిదేళ్ళు, కాలేజీ మొదటి ఏడాది దాకా, వెళ్ళినప్పుడల్లా చేత్తో ఎండుటాకులు తీసి శుభ్రం చేసేది, నేను కిటికీలోంచి చూసేవాణ్ణి.

ఈ తర్వాతది మాత్రం తలుచుకోకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఇక్కడిదాకా వస్తే లేచి మంచినీళ్ళు తాగుతాను, ఏదో ఎముక తుడుస్తాను. ఇవాళ చేతిలో పత్తి ఉండ ఉంది, లేవలేకపోయాను. అది పశువైద్యమే చదువుతానంది, ఈ కాలేజీలోనే చేరింది. మొదటి ఏడాదంతా దాని బృందం ఈ గదికి వచ్చే రోజున పద్నాలుగుని బీరువాలో గుర్రం కటి ఎముక వెనక దాచి తాళం వేసేవాణ్ణి. ఒక్కసారీ మరిచిపోలేదు. మౌఖిక పరీక్ష రోజున బయటి కాలేజీ నుంచి వచ్చిన ఆయన, బల్ల మీద పెట్టినవన్నీ పిల్లలు బట్టీ పట్టి ఉంటారండీ, అని బీరువా తెరిపించి తానే చెయ్యి పెట్టి తీశాడు. నేను పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఇది ఏమిటమ్మా. కుక్క పుర్రె సార్. వయసు. మా అమ్మాయి రెండు చేతుల్లోకి తీసుకుంది, తిప్పింది, బొటనవేలు గడ్డం కింద పెట్టింది, అక్కడే ఆపేసింది. మూడేళ్ళు సార్, అంది. ఎలా చెప్పావు. అతుకులు సార్. ఇంకేమైనా విశేషం ఉందా. ఉంది సార్. చిన్నప్పుడు స్కూటరు గుద్ది గడ్డం దగ్గర దవడ రెండుగా విడిపోయింది. కోరల వెనక నుంచి తీగతో కట్టారు. ఆరు వారాలు చెంచాతో పాలు పోశారు. అతుక్కుంది గానీ కుడి పక్క కాస్త ఎత్తుగా అతుక్కుంది, సందు ఉండిపోయింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, అరే, నిజమేనే, తీగ గీత కూడా ఉంది, మీరెవరూ దీన్ని రాసిపెట్టలేదేమయ్యా, అన్నాడు నాతో. అన్నేళ్ళూ ఆ సందు నేను జిగురు సరిగ్గా పెట్టక వచ్చిందనుకున్నాను. ఇంకా చెప్పగలవా, అన్నాడాయన నవ్వుతూ. కుడి చెవి వాలి ఉండేది సార్, అంది. అది ఎముకలో తెలియదు కదమ్మా. తెలియదు సార్, అంది. నా వైపు చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. దానికి పూర్తి మార్కులు వేశారు. సాయంత్రం ఇంటికి వచ్చి వాళ్ళమ్మకి రెండు ముక్కల్లో చెప్పి, బట్టలు సర్దుకుని హాస్టలుకి వెళ్ళిపోయింది.

కుడి పక్క కాస్త ఎత్తుగా. సందు ఉండిపోయింది. ఆ మాటలు దాని గొంతులోనే నా చెవిలో పడ్డాయి, చేతిలో పత్తి ఉండ జారి కింద పడింది. మూడూ నలభై ఎనిమిది. దారం తెంపేశాను. కుదిరింది కాబట్టి దీనిది అనుకున్నాను, ముప్పై నాలుగేళ్ళ అలవాటు. దీనిది కుదరనిది. నిన్నటి నుంచీ బల్ల అంచున, ఎవరికీ చెందనట్టు, నేను పక్కకి నెడుతూ వచ్చిన ఆ బోడి ముక్కే బూచిది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను, కోర వెనక సన్నటి గీత, తీగ ఒరుసుకున్న గీత, గోటికి తగిలింది. ఎడమదానితో కలిపాను. బియ్యపు గింజంత సందు, కోర ఒక పిసరు పైకి. పుర్రెకి తగిలిస్తే రెండు పక్కలా కీళ్ళు వాటి పల్లాల్లో తడుముకోకుండా కూర్చున్నాయి, వేలితో తోసినా ఆడలేదు. ఇంకొంచెం అయితే వేరే కుక్క దవడకి పత్తి కూరి, అదే నా కూతురి చేతిలో పెట్టేవాణ్ణి. రెండోసారి. దారం ముడి మూడుసార్లు వేశాను. తొమ్మిదో దాని సగాలు కూడా మళ్ళీ కలిపి కట్టాను, దానికీ ఎప్పుడో ఎవరో ఉండే ఉంటారు.

నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ముంజేతి మీద ఏదో గీరిన గాటు, ఆవు కొమ్మో మరేదో. కూర్చుంటావా, అన్నాను. అవును కీలూ కదల్లేదు, కాదు కీలూ కదల్లేదు. సంచిలోంచి కొత్త పసుపు తువ్వాలు తీసి బల్ల మీద పరిచింది. పుర్రెని రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేలు గడ్డం కింద పెట్టి, ఆ సందు దగ్గర ఆపింది.

"ఆ రోజు తువ్వాల్లో తల చోట ఏముంది?"

మా ఆవిడ ఏమీ చెప్పకు అంది. "నా స్వెట్టరు," అన్నాను. "ఊదా రంగుది."

"అమ్మ అల్లిందా?"

"అవునమ్మా."

"ఆ చలికాలమంతా అమ్మ దాని కోసం వెతికింది. నేనూ వెతికాను. మంచాల కింద కూడా." గొంతు ఎక్కడా పెరగలేదు. "నేను నిమిరింది దాన్నన్నమాట."

తప్పయిపోయిందమ్మా అన్నాను. అన్నానో, అనుకున్నానో, పెదాలైతే కదిలాయి. అది పుర్రెని తువ్వాలు మధ్యలో పెట్టి, నాలుగు కొనలూ ఒకదాని మీద ఒకటి మడిచి, తాడు కట్టి, ఎడమ చేతి మీద పొత్తిళ్ళలో బిడ్డలా ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. కుడి చేత్తో తువ్వాలు మీద నుంచే, నొసటి నుంచి వెనక్కి, మూడుసార్లు నిమిరింది.

"గట్టిగా ఉంది," అంది.

అంతే అంది. ఆ రోజు, మెత్తగా ఉంది అన్నప్పుడు, చివర నాన్నా అని ఉంది. ఇప్పుడూ వస్తుందేమోనని, కారిడార్‌లో అడుగులు, తర్వాత మెట్ల మీద అడుగులు, ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా నేను గుమ్మంలోనే నిలబడి వింటూ ఉన్నాను.